ఎక్స్‌రేలో తెల్లగా మెరిసిన ఎముక

డ్యూటీ టైముల వల్ల ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళ కోసం, సగంలో సిగ్నల్ పోయినవాళ్ళ కోసం, అదే కథని ఇక్కడ రాసి పెడుతున్నా. మైకు ముందు టైము చాలక వదిలేసిన సంగతులు కొన్ని ఇందులో కలిపాను.

ఈ ఎపిసోడ్‌కి కారణం సోహార్ నుంచి వచ్చిన ఒక వాయిస్ మెసేజ్. పంపినాయనది కనిగిరి పక్క పల్లె. ఒమన్ వచ్చి పదహారేళ్ళయింది. స్కాఫోల్డింగ్ పని. నడుము పట్టేసి, మెడ తిరక్క, ఎక్స్‌రే తీయించుకున్నాడు. తీసిన కుర్రాడు దాన్ని చూసి "హడ్డీ బహుత్ మజ్బూత్ హై చాచా" అన్నాడట. ఎముకలు అంత తెల్లగా, దట్టంగా ఉన్నాయట. మనోడు సంతోషంగానే రూముకి వచ్చాడు. రాత్రి పడుకున్నాక డౌట్ వచ్చింది. మెసేజ్‌లో ఆయన అడిగింది ఇది: "ఎముక అంత గట్టిదైతే, బూటు లేసు కట్టుకోను నేనెందుకు వంగలేకపోతన్నా తమ్ముడూ?"

నేను డాక్టర్ని కాదు. పాత సంగతులు చదివి మీకు చెప్పేవాణ్ణి. అయితే ఈ ప్రశ్న వినగానే ఉలిక్కిపడ్డా. ఎందుకంటే సరిగ్గా ఇదే ప్రశ్న, సరిగ్గా ఆయన ప్రాంతం మనుషుల గురించే, 1937లో మద్రాసు డాక్టర్లకి ఎదురైంది. వాళ్ళు రాసిన జవాబు ప్రపంచమంతా చదివింది. మన పల్లెల్లోకి మాత్రం సరిగ్గా చేరలేదు.

అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం అని పేరు పెట్టింది ఆ తర్వాత. వానలు తక్కువ, అడుగున గ్రానైటు రాయి, ఊరికో రెండు మూడు బావులు. జబ్బుని ముందు కనిపెట్టింది డాక్టర్లు కాదు, రైతులు. దుక్కికి కట్టిన ఎద్దులు వయసులో ఉండగానే కీళ్ళు బిగుసుకుపోయి, కుంటుతూ, కాడికి పనికిరాకుండా పోయేవి. ఆ తర్వాత అదే నడక మనుషుల్లోనూ కనబడింది. ముప్పై, నలభై ఏళ్ళకే నడుము కర్రలా బిగిసిపోయేది. పక్కకి చూడాలంటే మెడతో పాటు ఒళ్ళంతా తిప్పాలి. కొందరికి కాళ్ళు చచ్చుబడి మంచమే గతి అయ్యేది. పళ్ళ మీద చిన్నప్పటి నుంచే గోధుమరంగు చారలుండేవి.

మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక పరిశోధన సంస్థ ఉంది. అక్కడి హెచ్.ఇ. షార్ట్, ఆయనతో పాటు మెక్‌రాబర్ట్, రేడియాలజిస్టు బార్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి ఈ మనుషుల్ని పరీక్షించారు. ఎక్స్‌రేలు చూస్తే వెన్నెముక, కటి ఎముకలు సుద్దముక్కలా తెల్లగా మెరుస్తున్నాయి. ఎక్స్‌రే కిరణాలు దాటలేనంత ఖనిజం ఆ ఎముకల్లో ఉందన్నమాట. మామూలుగా బలమైన ఎముక ఇలాగే ఉండాలి, కానీ ఆ మనిషి లేచి నిలబడలేకపోతున్నాడు. బావినీళ్ళు పరీక్షిస్తే ఫ్లోరైడ్ తేలింది. తాగే నీళ్ళ వల్ల మనుషుల ఎముకలకి ఇలా అవుతుందని అంత వివరంగా రాసిన మొదటి వ్యాసాల్లో అదొకటి. "మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్" అన్న అర్థం వచ్చే పేరుతో 1937లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయింది.

విచిత్రమేమిటంటే అదే 1937లో డెన్మార్క్‌లో కై రోహోల్మ్ అనే డాక్టర్ ఫ్లోరిన్ విషం మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన చూసింది రైతుల్ని కాదు, కోపెన్‌హాగన్‌లో క్రయొలైట్ అనే రాయిని పొడి కొట్టే ఫ్యాక్టరీ కూలీల్ని. గ్రీన్‌లాండ్ నుంచి ఓడల్లో వచ్చిన ఆ రాయి దుమ్ములో ఫ్లోరిన్ ఉండేది. దాన్ని ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళ ఎక్స్‌రేల్లో అదే తెలుపు, వెన్నులో అదే బిగుసు. అక్కడ దుమ్ము, ఇక్కడ నీళ్ళు. రెండు చోట్లా ముందు పడిపోయింది ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళే. దానికి ఒక మామూలు కారణం ఉంది. ఎండలో పనిచేసేవాడు మూడు రెట్లు నీళ్ళు తాగుతాడు. నీళ్ళు ఎన్ని తాగితే ఫ్లోరైడ్ అంత లోపలికి పోతుంది. నీడలో కూర్చునే కరణం, పొలంలో వంగే కూలీ ఒకే బావినీళ్ళు తాగినా లెక్క ఒకటి కాదు.

ఇప్పుడు ఎముక గట్టిదనం సంగతి. సైట్లలో పనిచేసేవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. ఎముకంటే ఆర్‌సీసీ పిల్లర్ అనుకోండి. లోపల కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులుంటాయి, అవి స్టీలు చువ్వలు. వాటి చుట్టూ కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజం, అది కాంక్రీటు. బోన్ డెన్సిటీ, అంటే ఎముక సాంద్రత, ఆ పిల్లర్‌లో కాంక్రీటు ఎంత నిండిందో చెప్పే కొలత. అంతవరకే. చువ్వలు ఎలా ఉన్నాయో, కాంక్రీటు సరిగ్గా పోశారో లేదో ఆ నంబరు చెప్పదు.

పిల్లర్‌కీ ఎముకకీ ఒక తేడా ఉంది. ఎముకని శరీరం రోజూ కొంచెం పగలగొట్టి మళ్ళీ కడుతూ ఉంటుంది. పగలగొట్టే కణాల గ్యాంగు ఒకటి, కట్టే కణాల గ్యాంగు ఒకటి. ఇలా సుమారు 10 ఏళ్ళకి పెద్దవాళ్ళ అస్థిపంజరం మొత్తం కొత్తదవుతుంది. చిన్నప్పుడు కట్టే గ్యాంగుదే పైచేయి. ముప్పై ఏళ్ళ దాకా కూడబెట్టిందే ఎముక ఆస్తి, తర్వాత మెల్లగా ఖర్చే. ఆడవాళ్ళకి ముట్లు ఆగిపోయాక ఆ ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఫ్లోరైడ్ వచ్చి ఏం చేస్తుందంటే, కట్టే గ్యాంగుని ఓవర్‌టైమ్‌లోకి దించుతుంది. ఖనిజం స్ఫటికాల్లో తనూ దూరి వాటి తీరు మారుస్తుంది. ఎముక దట్టమవుతుంది కానీ పొందిక ఉండదు. అంతటితో ఆగదు. ఎముకల్ని కలిపి ఉంచే కట్లు, మెత్తగా సాగాల్సిన లిగమెంట్లు, అవి కూడా గట్టిపడి ఎముకలా మారతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నరాలు దిగే దారి ఇరుకైపోతుంది. వంగలేకపోవడం అందుకే, కాళ్ళు చచ్చుబడటమూ అందుకే.

మెడ వంగని ఆ అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే వచ్చేసింది. ఆయనకి ఇదే జబ్బని నేను అనట్లేదు. ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనబడటానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, అది డాక్టరే తేల్చాలి. నేను అన్నది ఒక్కటే: "అన్నా, డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మీ ఊరి పేరు చెప్పండి. చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారో చెప్పండి." మస్కట్‌లోనో సోహార్‌లోనో కూర్చున్న డాక్టర్‌కి కనిగిరి అంటే ఏం తెలుస్తుంది? మనమే చెప్పాలి.

మళ్ళీ చరిత్రలోకి. 1940లో అదే కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి సి.జి. పండిట్, ఆయన తోటివాళ్ళు ఇంకో మెట్టెక్కారు. వాళ్ళని తొలిచిన విషయం ఇది: నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఒకేలా ఉన్న ఊళ్ళలో కూడా జబ్బు ఒకేలా లేదు. వెతికితే తేడా కంచంలో కనబడింది. తిండి బాగా ఉన్న చోట ఎముకలు కొంత తట్టుకున్నాయి, తిండి లేని చోట కూలబడ్డాయి. ఈ పండిట్‌గారే తర్వాత ఐసీఎంఆర్‌కి తొలి డైరెక్టర్ అయ్యారు.

అక్కణ్ణించి నల్లగొండ. 1955లో సిద్దిఖీ అనే డాక్టర్ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అదే ఏడాది డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఒక కొత్త వింత. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వెళ్ళి చూస్తే, ఎదిగే వయసు పిల్లలకి, ఎక్కువగా మగపిల్లలకి, మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. 1973లో లాన్సెట్ పత్రికలో వాళ్ళు రాసింది చదివితే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకే పిల్లాడి ఒంట్లో వెన్నెముక దట్టంగా ఉంది, కాళ్ళ ఎముకలు గుల్లబారాయి. ఒకే నీళ్ళు, ఒకే ఒళ్ళు, ఒకచోట డెన్సిటీ ఎక్కువ, ఇంకోచోట తక్కువ.

ఎందుకలా? ఆ సంస్థ పరిశోధకులు ఇచ్చిన వివరణ చాలా మెలికలు తిరుగుతుంది. డ్యామ్ వచ్చాక ఊటనీరు పైకెక్కి నేల గుణం మారింది. ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే లోహం పెరిగింది. ఆ జొన్న తిన్నవాళ్ళ ఒంట్లోంచి రాగి ఎక్కువగా బయటికి పోయింది. రాగి తగ్గితే ఎముక చువ్వలు బిగవవు. అందుకే వరి అన్నం తినేవాళ్ళకంటే జొన్న తినేవాళ్ళలో వంకర కాళ్ళు ఎక్కువ. జొన్న తప్పు కాదిది. జొన్న తిని వెయ్యేళ్ళు బతికారు మనవాళ్ళు. నేల కింద నీళ్ళు కదిలితే కంచంలో గింజ మారుతుందని ఎవరూ అనుకోలేదంతే.

నీళ్ళ పోరాటం సంగతి అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తా. నాగపూర్ నీరి సంస్థవాళ్ళు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరొచ్చింది. టాంజానియా దాకా వెళ్ళింది ఆ పేరు. మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశాల స్వామిని వాజ్‌పేయి ప్రధానిగా ఉండగా ఢిల్లీ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పడుకోబెట్టి చూపించారు, దుశర్ల సత్యనారాయణ వాళ్ళు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా, గోదావరి నీళ్ళొచ్చాయి. కొత్త పిల్లల పళ్ళు తెల్లగా వస్తే అంతకంటే కావలసిందేముంది. వంగిన కాళ్ళు మాత్రం వెనక్కి రావు.

ఇక్కడ అమెరికా కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. మన నల్లగొండ, కనిగిరి ఎక్స్‌రేల్లాంటివి చూసి అక్కడి డాక్టర్లకి ఒక ఆలోచన వచ్చింది. ఫ్లోరైడ్ ఎముకని దట్టం చేస్తుంది కదా, ఎముక గుల్లబారిన ముసలమ్మలకి అదే మందుగా ఇస్తే? చాలా ఏళ్ళు వాడారు కూడా. చివరికి మేయో క్లినిక్‌లో రిగ్స్ బృందం 202 మంది ఆడవాళ్ళ మీద 4 ఏళ్ళు పరీక్ష పెట్టి, 1990లో ఫలితం ప్రకటించింది. నడుము ఎముకల డెన్సిటీ 35 శాతం పెరిగింది. వెన్నుపూసల విరుగుళ్ళు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. మిగతా ఎముకల విరుగుళ్ళు మాత్రం దాదాపు మూడింతలు పెరిగాయి. నంబరు పెరిగింది, ఎముక విరిగింది. పొదిలి రైతుని అడిగుంటే ముందే చెప్పేవాడు.

అయితే నంబరు పనికిరాదని కాదు. 1987 నుంచి డెక్సా అనే స్కానింగ్ మిషన్ వచ్చింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసువాళ్ళతో పోలిస్తే మీ స్కోరు మైనస్ 2.5 గానీ ఇంకా కింద గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముక గుల్లబారినట్టు. ఫ్లోరైడ్ లేని చోట తక్కువ స్కోరు అంటే విరిగే ప్రమాదం ఎక్కువనే అర్థం. తుంటి విరిగిన ముసలివాళ్ళు మన ఊళ్ళలో మళ్ళీ లేచి తిరిగినవాళ్ళెంతమంది?

ఈ మిషన్‌తో హైదరాబాద్‌లో వీణా శత్రుఘ్న గారు చేసిన పని గురించి మన ఇళ్ళలో మాట్లాడుకోవాలి. ఆమె జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టరు, స్త్రీశక్తి సంఘటనలో పనిచేసిన మనిషి. 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసున్న పేదింటి ఆడవాళ్ళకి స్కాన్ తీసి 2005లో ప్రచురించారు. తుంటి దగ్గర సగం మందికి పైగా ఎముక పలచబడటం మొదలైంది, నాలుగో వంతుకి పైగా మందికి గుల్లబారిపోయింది. వీళ్ళు కుర్చీలో కూర్చునేవాళ్ళు కాదు. నీళ్ళు మోసి, ఇటుకలెత్తి, పిల్లల్ని కని పెంచినవాళ్ళు. ఒళ్ళు వంచి పనిచేస్తే ఎముక గట్టిపడుతుందని చదువుకున్నాం, అది నిజమే. ఎముక మీద బరువు పడితేనే కట్టే గ్యాంగు కదులుతుంది. కానీ సైటుకి సిమెంటు రాకుండా మేస్త్రీ ఏం కడతాడు? వాళ్ళ తిండిలో కాల్షియం చాలా తక్కువ. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి కంచంలో పాలచుక్క ఎక్కడిది? నెలనెలా మనం పంపే డబ్బుల్లో అమ్మకి, భార్యకి పాలు పోయించుకోమని ఎప్పుడైనా విడిగా చెప్పామా అని ఇది చదివాక నన్ను నేను అడుక్కున్నా.

రెండు రూపాయల బియ్యం పథకం 1983లో వచ్చి కోట్లమంది కడుపు నింపింది, దాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే మెల్లగా రాగిసంగటి కంచంలోంచి లేచిపోయింది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో ఉన్నట్టు కూడా తెలియదు. పెద్దవాళ్ళకి రోజుకి 1,000 మిల్లీగ్రాములు కావాలని ఇప్పటి ఐసీఎంఆర్ లెక్క.

ఇక ఎండ. కాల్షియం తిన్నా, దాన్ని పేగుల్లోంచి లోపలికి లాగడానికి విటమిన్ డి కావాలి. అది ఎండ తగిలిన చర్మంలో తయారవుతుంది. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం 2007, 2008 ప్రాంతంలో ప్రచురించిన పరిశోధనల్లో, అంత ఎండ కాసే ఊళ్ళో కూడా విటమిన్ డి తక్కువున్నవాళ్ళు బోలెడు మంది. పొలంలో పనిచేసే పల్లెవాళ్ళు పట్నంవాళ్ళకంటే కొంచెం నయం, అంతే.

ఒమన్‌లోనూ అదే. మస్కట్ రాయల్ హాస్పిటల్‌లో పనిచేసే 41 మంది ఆరోగ్యంగా ఉన్న ఒమానీ ఆడవాళ్ళకి పరీక్ష చేసి 2011లో ప్రచురించారు. అందరికీ తక్కువే. ఇంత ఎండల దేశంలో! ఆలోచిస్తే మనదీ అదే బతుకు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు బయట పని నిషేధం, అది ప్రాణాలు కాపాడే రూలు, ఉండాల్సిందే. మిగతా టైములో తలకి గుడ్డ, ముఖానికి మాస్కు, చేతులకి గ్లోవ్స్, నిండా కవరాల్. చర్మానికి ఎండ తగిలేదెక్కడ? డ్రైవర్ అన్నలు అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అంటారు. వేడి వస్తుంది కానీ విటమిన్ డి చేసే కిరణం గాజు దాటదు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన అక్కలకి వారాల తరబడి గుమ్మం దాటే వీలుండదు. నలుపు చర్మానికి ఎండలో ఇంకొంచెం ఎక్కువసేపు కావాలి కూడా. అందుకే ఒళ్ళు నొప్పులు, తొడల్లో నీరసం వదలకపోతే విటమిన్ డి రక్తపరీక్ష ఒకటి అడగండి. నొప్పి తగ్గిందని స్టెరాయిడ్ మాత్రలు మాత్రం చీటీ లేకుండా నెలల తరబడి వేసుకోకండి. అవి ఎముకని తినేస్తాయి.

ఒమన్‌లో మనం తాగేది ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధి చేసింది, ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. కనిగిరి అన్నకి ఇది మంచి కబురు. తాగడం ఆగితే ఎముకలో పేరుకున్నది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. గట్టిపడ్డ లిగమెంట్లు మాత్రం మళ్ళీ మెత్తబడవు. ఇంకో చిన్న చిక్కు, టీ ఆకులో ఫ్లోరైడ్ బాగానే ఉంటుంది. రోజుకి పది సులేమానీలు తాగే అలవాటుంటే తగ్గించుకోమని చెప్పా. చల్లగా లబన్ తాగండి. రూములో చేప వండితే ముల్లుతో సహా నమిలి తినే చిన్న కవళ్ళు తెచ్చుకోండి, సూక్‌లో చవగ్గానే దొరుకుతాయి.

ఈ ఎడారి వైపుకీ ఆ జబ్బు కొత్త కాదు లెండి. బహ్రెయిన్‌లో 2,000 ఏళ్ళ నాటి సమాధుల్లోని అస్థిపంజరాల్లో ఫ్లోరోసిస్ గుర్తుల్ని జుడిత్ లిటిల్టన్ అనే పరిశోధకురాలు 1999లో చూపించింది. అక్కడా ఊటనీళ్ళే.

ఎపిసోడ్ వచ్చిన పది రోజులకి ఆ అన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు. ఊరి పేరు, నీళ్ళ సంగతి చెప్తే డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడట, నోరు తెరవమని పళ్ళు చూశాడట. "ఇన్నేళ్ళూ గుట్కా పళ్ళనుకునేవోళ్ళు నాయనా, ఇప్పటికి ఒకడు సరిగ్గా అడిగాడు" అన్నాడు. కొన్ని పరీక్షలు రాశారు, రిపోర్టులు ఇంకా రావాలి. మెడ తిరగనివాడు ఎత్తు మీద పని చెయ్యకూడదని మాత్రం గట్టిగా చెప్పారు. స్టోర్‌లోకి మార్చమని కంపెనీలో అడిగాడు, జవాబు కోసం చూస్తున్నాడు. ఊళ్ళో కూతురు క్యాన్ నీళ్ళతో పెరిగింది, పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయట, ఫోటో పంపాడు.

చివర్లో నవ్వుతూ, "వంగే సంగతి దేవుడెరుగు తమ్ముడూ, లేసుల్లేని సేఫ్టీ బూట్లు దొరుకుతాయంట, రేపు శుక్రవారం చూస్తా" అన్నాడు.